ఆర్నెల్ల కుర్సీ

రిజిస్టరు రాసేది నేనే.
పదమూడేండ్ల సంది
ఇరవై ఆరుగురు అధ్యక్షుల పేర్లు రాసిన,
కొన్ని నీలి సిరాతోని,
కొన్ని విసుగుతోని.

మూసీ పొంటి ఎనిమిది బస్తీలు మావి.
సమితి పెట్టిననాడే ఒక మాట అనుకున్నం:
కుర్సీ ఒక్క గడపల పాతుకపోవద్దు,
ఆర్నెల్లకోపాలి బస్తీ మారాలె.
"ఆర్నెల్లల్ల ఏమైతది?"
అందరూ అడుగుతరు
కుర్సీ ఎక్కేదాకా.

ఎక్కినంక ఒకాయన
ఫ్లెక్సీలకే నాలుగు నెలలు పెట్టిండు.
మెట్రో పిల్లరు కాడ దండం పెట్టుకుంట నవ్వుతనే ఉండె,
వానకు మొఖం కారిపోయినంక గూడ.
ఇంకొకాయన వచ్చిన్నాడే
ముందటాయన కాయితాలు మూటగట్టి
"ఇగ కొత్త లెక్క" అన్నడు.
ఆయన దిగినంక
ఆ కొత్త లెక్క గూడ ఆ మూటలనే చేరింది.
సాంబశివుడు తన గల్లీకి మోరీ తవ్విచ్చుకున్నడు.
మోరీ మంచిగనే పారుతున్నది.
ఏడు బస్తీలోళ్లు రెండేండ్లు మీటింగుకు రాలే.

పోయిన జూన్ల వంతు రాళ్లబాయికి వచ్చింది.
నలభై గడపల బస్తీ,
పటంల నాలా గీత కింద దాగుతది.
ఎస్తేరమ్మ వచ్చింది.
దవాఖానల రాత్రి డ్యూటీ ఆయా,
మాట మీద మాట ఎయ్యదు.
"గీమె ఏం జేస్తది" అన్నరు.
నేను గూడ అన్న. రాయలేదు గని, అన్న.

మొదటి దినమే మూట విప్పింది.
పాత కాయితాలు ఒక్కొక్కటి చదివిచ్చుకున్నది.
"డ్యూటీ మారితే
పేషెంటు మారడు గద బిడ్డా" అన్నది.

నల్లా పంచాది అప్పటికే తొమ్మిదేండ్లది.
పై బస్తీకి తెల్లారగట్ల నాలుగింటికి,
కింది బస్తీకి వస్తే వచ్చినట్టు.
ఇలియాస్ భాయ్ వాల్వు చెయ్యి
తలగడ కింద పెట్టుకోని పండేటోడు.
భిక్షపతి బిందెలు మోసుకొచ్చి
మీటింగు నడుమ బోర్లిచ్చేటోడు.
ఎస్తేరమ్మ ఇద్దరిండ్లకు పోయింది.
ఒక ఇంట్ల ఇరానీ చాయ్,
ఒక ఇంట్ల అల్లం చాయ్,
రెండు దిక్కుల గూడ
"ఇంకింత పొయ్యి" అన్నదట.
పదకొండు సార్లు పోయింది. నా లెక్క అది, ఆమె లెక్కవెట్టలే.

మీటింగుల మాత్రం
అందరి తర్వాతనే నోరు తెరిచేది.
దిగిపోయిన అధ్యక్షుణ్ణి ఎడమ దిక్కు,
రాబోయే మనిషిని కుడి దిక్కు కూసోబెట్టుకునేది.
నడుమ తనున్నదో లేదో
ఒక్కోసారి నాకు అనుమానమే.

ఆఖరికి ఇరవై నిమిషాలు ఇటు జరిగినయ్,
పది నిమిషాలు అటు.
వాల్వు చెయ్యి మసీదు పక్కన కిరాణంల ఏలాడదీసిన్రు.
భిక్షపతి గొణుగుకుంట సంతకం పెట్టిండు,
ఇలియాస్ భాయ్ తల గోక్కుంట పెట్టిండు.
ఎవలూ గెలిసిన మొఖంతోని లేరు.
అందుకేనేమో, ఇంకా నడుస్తున్నది.

పేపరోళ్లు వస్తే
ఆ ఇద్దర్నీ ముందటికి తోసి
ఈమె చెప్పులు ఎతుక్కుంట ఎనక ఉన్నది.
ఫొటోల ఆమె మోచెయ్యి పడ్డది.

డిసెంబరు ఆఖరున అప్పజెప్పింది:
ఒక ముద్ర, ఆరిపోయిన సిరా డబ్బా,
తాళంచెవులు రెండు, మూడొందల నలభై రూపాయలు,
కాని పనుల చిట్టీ.
చిట్టీల పద్నాలుగో నంబరు:
రాళ్లబాయి మూల మలుపుకు లైటు లేదు.
ఆర్నెల్లు కుర్సీల కూసోని
ఆ చీకట్లకేలే ఆమె డ్యూటీకి పోయింది,
ఫోను టార్చి పట్టుకోని.
"మొదటికి రాస్తనమ్మా?" అన్న.
"తారీకు లెక్కన రాయి" అన్నది.
టిఫిను సంచి భుజానికేసుకోని ఎల్లిపోయింది.

తారీకు లెక్కనే రాసిన.
పద్నాలుగో నంబరు మాత్రం
రెండుసార్లు దిద్దిన, లావుగ.
జనవరిల కొత్తగ వచ్చినాయన అడిగిండు,
"గిదేంది, గిది ఒక్కటే గింత నల్లగున్నది?"

సిరా కారిందన్న.